టన్నెలింగ్ ట్రాన్సిస్టర్ల నమూనా రచన: జగదీశ్ కుమార్ బృందం గ్రంథం - విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

తక్కువ వోల్టేజీతో పనిచేసే ఎలక్ట్రానిక్ మీటగా టన్నెల్ ఫీల్డ్ ఎఫెక్ట్ ట్రాన్సిస్టర్ గత రెండు దశాబ్దాలుగా అర్ధవాహక పరిశోధకుల దృష్టిని ఆకర్షిస్తోంది. దాని భౌతికశాస్త్రాన్ని, గణిత నమూనాలను, కంప్యూటర్ సిమ్యులేషన్‌ను ఒకేచోట బోధించిన గ్రంథం 'టన్నెల్ ఫీల్డ్ ఎఫెక్ట్ ట్రాన్సిస్టర్స్: మోడలింగ్ అండ్ సిమ్యులేషన్'. మామిడాల జగదీశ్ కుమార్, రజత్ విష్ణోయ్, ప్రత్యూష్ పాండే రచించిన ఈ గ్రంథాన్ని వైలీ సంస్థ 2016లో ప్రచురించింది. ఈ వ్యాసం ఆ గ్రంథ నిర్మాణాన్ని, బోధనాక్రమాన్ని, అది నేర్పే పద్ధతుల బలాబలాలను పరిశీలిస్తుంది. నమూనా ఇచ్చే సంఖ్యను కొలతగా భావించే ధోరణి ఎక్కడ పుడుతుందో, తయారీ సదుపాయం లేని కళాశాలల్లో పరిశోధన చేసేవారు ఏ జాగ్రత్తలు పాటిస్తే వారి పని నిలుస్తుందో చర్చిస్తుంది.

కీలకపదాలు: టన్నెలింగ్, ట్రాన్సిస్టర్, గణిత నమూనా, సిమ్యులేషన్, సబ్‌థ్రెషోల్డ్ స్వింగ్, శాస్త్రగ్రంథ విమర్శ, నల్లపాడు.

1. ఉపోద్ఘాతం:

ఒక శాస్త్రగ్రంథాన్ని విమర్శించడమంటే అందులోని సమీకరణాలు సరైనవా కావా అని చూడటంతో ముగిసే పని కాదు. ఆ గ్రంథం చదివిన విద్యార్థి ఏ ప్రశ్నలు అడగడం నేర్చుకుంటాడు, ఏ ప్రశ్నలు అడగకుండానే ముందుకు సాగడానికి అలవాటుపడతాడు అన్నది కూడా చూడాలి. పాఠ్యగ్రంథం చదివినవారి చేతిలో అది పరిశోధన పద్ధతిగా మారుతుంది. ఆ పద్ధతి సిద్ధాంత గ్రంథాలుగా, పత్రికల్లో పరిశోధన పత్రాలుగా విస్తరిస్తుంది. కనుక మూలంలో ఉన్న బలమూ బలహీనతా రెండూ కొన్ని వందల రెట్లై బయటికి వస్తాయి.

గుంటూరు నగరాన్ని ఆనుకొని ఉన్న నల్లపాడులో ఎం.బి.టి.ఎస్. ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. ఆ చుట్టుపక్కల ఇంజనీరింగ్ కళాశాలలు, విశ్వవిద్యాలయాలు పెక్కు ఉన్నాయి. ఇటువంటి ప్రాంతంలోని సాధారణ కళాశాలలో పనిచేసే అధ్యాపకునికి పది నానోమీటర్ల మందం గల సిలికాన్ పొరపై ట్రాన్సిస్టర్ తయారుచేసే పరిశుభ్ర ప్రయోగశాల అందుబాటులో ఉండదు. అందుబాటులో ఉండేది కంప్యూటరు, దానిలో ఒక సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్. అందువల్ల నానో ఎలక్ట్రానిక్స్‌లో పీహెచ్‌డీ చేయదలచినవారికి నమూనా రచన, సిమ్యులేషన్ సహజంగానే ప్రధాన మార్గాలవుతాయి. ఈ మార్గంలో వచ్చే పరిశోధనకు విలువ ఉందా, ఉంటే ఏ షరతులపై ఉంది అన్న ప్రశ్న ఈ ప్రాంత పరిశోధకులకు జీవన్మరణ సమస్య వంటిది. ప్రస్తుత గ్రంథాన్ని ఆ ప్రశ్న ముందు నిలబెట్టి చదవడమే ఈ వ్యాస లక్ష్యం.

2. గ్రంథ పరిచయం:

గ్రంథకర్తలలో ప్రథములైన మామిడాల జగదీశ్ కుమార్ తెలంగాణలోని ఉమ్మడి నల్గొండ జిల్లాకు చెందినవారు. మద్రాసు ఐఐటీలో పరిశోధన చేసి, ఢిల్లీ ఐఐటీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ఆచార్యులుగా పనిచేశారు. గ్రంథం వెలువడిన 2016లోనే జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయ ఉపకులపతి అయ్యారు. 2022లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం అధ్యక్షులయ్యారు. ఆయన పాలనా బాధ్యతల గురించి పత్రికలలో ఎంతో చర్చ జరిగింది. ఆయన శాస్త్ర రచన గురించి తెలుగులో జరగవలసిన చర్చ మాత్రం మిగిలే ఉంది.

టన్నెల్ ట్రాన్సిస్టర్లపై ఆయన బృందం చేసిన కృషికి ఈ గ్రంథం ఒక్కటే నిదర్శనం కాదు. స్నేహ్ సౌరభ్‌తో కలిసి 2011లో రెండు లోహాల గేటు గల టన్నెల్ ట్రాన్సిస్టర్‌పై రాసిన పత్రం, సింధు జనార్దనన్‌తో కలిసి 2013లో డోపింగ్ లేని టన్నెల్ ట్రాన్సిస్టర్‌పై రాసిన పత్రం విస్తృతంగా ఉదహరింపబడ్డాయి. 2016లోనే సౌరభ్‌తో కలిసి రాసిన మరో గ్రంథం సీఆర్‌సీ ప్రెస్ ద్వారా వెలువడింది. అది ట్రాన్సిస్టర్ మూలసూత్రాలను ప్రధానంగా వివరించగా, ప్రస్తుత గ్రంథం నమూనా ఎలా నిర్మించాలి అన్న ఒక్క ప్రశ్నపై దృష్టి నిలిపింది.

గ్రంథంలో ఎనిమిది అధ్యాయాలు ఉన్నాయి. క్వాంటమ్ యాంత్రికశాస్త్రం, టన్నెలింగ్ ప్రాథమికాంశాలు, టన్నెల్ ట్రాన్సిస్టర్ అనేవి మొదటి మూడు. డ్రెయిన్ ప్రవాహానికి నమూనా కట్టడంలోని పని, దానిలోని సవాళ్లు నాలుగవది. ఉపరితల శక్మం, డ్రెయిన్ ప్రవాహాల నమూనాలు ఐదు, ఆరు. అట్లాస్ సాఫ్ట్‌వేర్‌తో పరికర సిమ్యులేషన్, టన్నెల్ ట్రాన్సిస్టర్ల సిమ్యులేషన్ చివరి రెండు. ఈ క్రమంలోనే గ్రంథకర్తల బోధనాదృష్టి తెలుస్తుంది. ముందు భౌతికశాస్త్రం, తరువాత గణితం, చివర సాధనం. సాఫ్ట్‌వేర్ తెరిచి, ఉదాహరణ ప్రోగ్రామును నకలు చేసి, గీత వచ్చాక అర్థం వెతుక్కునే అలవాటుకు ఇది సరిగ్గా ఎదురుగా ఉన్న క్రమం. ఈ ఒక్క కారణం చేతనే గ్రంథం ఆదరణీయం.

3. అరవై మిల్లీవోల్టుల హద్దు:

టన్నెల్ ట్రాన్సిస్టర్ అవసరం ఎందుకు కలిగిందో తెలియాలంటే సాధారణ మాస్‌ఫెట్ ఎలా ఆగిపోతుందో తెలియాలి. మాస్‌ఫెట్‌లో సోర్సుకు, ఛానెల్‌కు మధ్య ఒక శక్తి అవరోధం ఉంటుంది. గేటు వోల్టేజీ ఆ అవరోధాన్ని దించుతుంది. దాన్ని దాటేది ఉష్ణశక్తి ఎక్కువగా ఉన్న ఎలక్ట్రాన్లు. ఏ ఉష్ణోగ్రత వద్దనైనా ఎలక్ట్రాన్ల శక్తి విభజనకు ఒక ఘాతీయ తోక ఉంటుంది కాబట్టి, అవరోధాన్ని ఎంత ఎత్తుకు లేపినా దాన్ని దాటేవి కొన్ని మిగులుతాయి. ప్రవాహం పదిరెట్లు మారడానికి గేటుపై మార్చవలసిన కనీస వోల్టేజీ 300 కెల్విన్ వద్ద సుమారు 60 మిల్లీవోల్టులు. దీన్నే సబ్‌థ్రెషోల్డ్ స్వింగ్ అంటారు. ఇది తయారీలోని లోపం కాదు, ఉష్ణగతికశాస్త్రం విధించిన హద్దు.

ఈ హద్దు ఉష్ణోగ్రతకు అనులోమానుపాతంలో పెరుగుతుంది. గుంటూరు వేసవిలో 45 డిగ్రీల సెల్సియస్ వద్ద అది దాదాపు 63 మిల్లీవోల్టులు. చిప్ లోపల 85 డిగ్రీలకు చేరినప్పుడు 71 మిల్లీవోల్టులు. ప్రవాహాన్ని లక్షరెట్లు తగ్గించాలంటే గది ఉష్ణోగ్రత వద్ద కనీసం 300 మిల్లీవోల్టులు కావాలి. థ్రెషోల్డ్ వోల్టేజీని 60 మిల్లీవోల్టులు తగ్గిస్తే లీకేజీ పదిరెట్లు పెరుగుతుంది. అందుకే ట్రాన్సిస్టర్ పరిమాణం తగ్గినంత వేగంగా సరఫరా వోల్టేజీ తగ్గలేదు. 1974లో డెన్నార్డ్ బృందం చూపిన స్కేలింగ్ సూత్రాలు ఈ చోట ఆగిపోయాయి.

టన్నెల్ ట్రాన్సిస్టర్ ఈ చిక్కును మరో దారిలో విప్పుతుంది. నిర్మాణపరంగా ఇది తిరోబయాస్‌లో ఉన్న పి-ఐ-ఎన్ డయోడుపై గేటు అమర్చినట్టిది. ఎన్ రకపు పరికరంలో సోర్సు పి రకం. గేటు వోల్టేజీ పెరిగి ఛానెల్‌లోని వాహక పట్టీ సోర్సులోని వేలన్సీ పట్టీ కంటే కిందికి దిగినప్పుడే ఎలక్ట్రాన్లు ఇటు నుంచి అటు వెళ్లే వీలు కలుగుతుంది. ఉష్ణశక్తి ఎక్కువగా గల తోక భాగం సోర్సులోని నిషిద్ధ శక్తి అంతరంలో పడుతుంది. అక్కడ ఎలక్ట్రాన్ ఉండటానికి స్థితులే లేవు. అంటే మాస్‌ఫెట్‌ను మూసుకోనివ్వని ఆ తోకను ఇక్కడ నిషిద్ధ అంతరమే కత్తిరిస్తుంది. అరవై హద్దు దాటడానికి భౌతిక కారణం ఇదే. విద్యార్థులు తరచు 'అవరోధం సన్నబడుతుంది కాబట్టి' అని మాత్రమే చెప్పి ఊరుకుంటారు. అవరోధం సన్నబడటం ప్రవాహ పరిమాణానికి కారణం. తోక కత్తిరింపు ప్రవాహం నిటారుగా లేవడానికి కారణం. ఈ రెండింటినీ వేరుగా చూడగలిగినవారికే తరువాతి గణితం అర్థమవుతుంది.

4. 'సొరంగం' అనే మాట గురించి:

తెలుగులో టన్నెలింగ్‌కు 'సొరంగ ప్రభావం' అనే పదబంధం వాడుకలో ఉంది. ఈ మాట ఒక అపోహను వెంటబెట్టుకొని వస్తుంది. సొరంగం అంటే ఎవరో తవ్విన దారి. ఎలక్ట్రాన్ ఏ దారినీ తవ్వదు. అవరోధం లోపల తరంగ ప్రమేయం సున్నా కాకుండా ఘాతీయంగా క్షీణిస్తూ పోతుంది. అవరోధం ముగిసే చోట ఇంకా కొంత మిగిలితే ఎలక్ట్రాన్ అవతల కనిపించే సంభావ్యత ఉన్నట్టు.

మన పల్లెల్లో చెరువు గట్టుకు రంధ్రం లేకపోయినా అవతలివైపు నేల ఊరుతుంది. 'ఊట' అనే ఈ మాట సొరంగం కంటే విషయానికి దగ్గరగా ఉంటుంది. కాని దీనికీ హద్దుంది. గట్టు మందం రెట్టింపైతే ఊట సుమారు సగమవుతుంది. టన్నెలింగ్‌లో అవరోధం మందం రెట్టింపైతే సంభావ్యత వర్గమవుతుంది. వెయ్యిలో ఒకటిగా ఉన్నది పదిలక్షల్లో ఒకటవుతుంది. ఏ ఉపమానమూ ఈ ఘాతీయ స్వభావాన్ని పూర్తిగా మోయలేదు. ఈ గ్రంథం విద్యార్థిని మొదటి అధ్యాయంలోనే క్వాంటమ్ యాంత్రికశాస్త్రం వద్దకు తీసుకుపోవడం ఈ దృష్ట్యా సమంజసం. ఉపమానంతో మొదలుపెట్టిన విద్యార్థి ఆరవ అధ్యాయంలోని ప్రవాహ సమీకరణం వద్ద తడబడతాడు.

5. శక్మం నుంచి ప్రవాహం దాకా:

టన్నెల్ ట్రాన్సిస్టర్‌కు విశ్లేషణాత్మక నమూనా కట్టడంలో రెండు మెట్లు ఉన్నాయి. మొదటిది, పాయిసన్ సమీకరణాన్ని సాధించి పరికరం పొడవునా ఉపరితల శక్మం ఎలా మారుతుందో కనుక్కోవడం. రెండవది, ఆ శక్మం నుంచి విద్యుత్ క్షేత్రాన్ని లేదా టన్నెలింగ్ దూరాన్ని రాబట్టి, టన్నెలింగ్ రేటును లెక్కించి, ఘనపరిమాణమంతటా సమాకలనం చేసి ప్రవాహాన్ని పొందడం. ఈ రేటుకు ఆధారం 1961లో కేన్ ప్రతిపాదించిన సిద్ధాంతం. దానికి ముందు 1934లో జెనర్ బంధకాల విచ్ఛిత్తికి చెప్పిన వివరణ ఉంది. కేన్ సమీకరణంలో రేటు విద్యుత్ క్షేత్రపు ఒక ఘాతానికి, మరో ఘాతీయ పదానికి లబ్ధంగా ఉంటుంది. ఆ ఘాతీయ పదపు ఘాతాంకంలో ఒక స్థిరాంకం లవంలోనూ, క్షేత్రం హారంలోనూ ఉంటాయి.

ఈ రెండు మెట్లనూ వేర్వేరు అధ్యాయాలుగా విడదీయడం గ్రంథంలోని ఉత్తమ బోధనా నిర్ణయం. అంతకంటే మెచ్చదగినది నాలుగవ అధ్యాయం. పరిష్కారం చూపడానికి ముందు పని ఏమిటో, అందులో కష్టం ఎక్కడుందో చెప్పడానికే ఒక అధ్యాయం కేటాయించడం పాఠ్యగ్రంథాలలో అరుదు. సిద్ధాంత గ్రంథం రాసే పరిశోధకుడు ఈ ఒక్క అధ్యాయం నిర్మాణాన్ని గమనించినా తన సమస్యా ప్రకటనను ఎలా రాయాలో తెలుసుకుంటాడు.

ఉపరితల శక్మాన్ని సులభంగా సాధించడానికి కొన్ని ఉజ్జాయింపులు అనివార్యం. సిలికాన్ పొర లోతు దిశలో శక్మం పరావలయాకారంలో మారుతుందనుకోవడం, సంధులు నిటారుగా ఉన్నాయనుకోవడం, చలన ఆవేశాన్ని విస్మరించడం వాటిలో ముఖ్యమైనవి. వీటివల్ల ఒక లక్షణ దైర్ఘ్యం లభిస్తుంది. ఒకే గేటు గల పరికరంలో సిలికాన్ మందం 10 నానోమీటర్లు, సిలికాన్ డయాక్సైడ్ మందం 1 నానోమీటరు అయితే ఆ దైర్ఘ్యం సుమారు 5.5 నానోమీటర్లు. ఆక్సైడ్ స్థానంలో రోధక స్థిరాంకం 20 గల పదార్థం వాడితే సుమారు 2.4 నానోమీటర్లు. టన్నెలింగ్ దూరం ఈ దైర్ఘ్యాన్ని అనుసరిస్తుంది కనుక ప్రవాహం ఎన్నోరెట్లు పెరుగుతుంది. 2007లో బూకార్, అయోనెస్కు ద్వంద్వ గేటుతో, అధిక రోధక స్థిరాంకం గల పదార్థంతో చేసిన ప్రతిపాదన బలం ఇక్కడే ఉంది. కాగితంపై నాలుగు పంక్తుల్లో తేలే ఈ లెక్క, సిమ్యులేషన్‌లో కొన్ని గంటలు తీసుకొని చెప్పే దానికి కారణాన్ని చూపుతుంది. విశ్లేషణాత్మక నమూనాకు ఉన్న అసలు ప్రయోజనం ఇదే.

అయితే ఉజ్జాయింపుకు దాని పరిధి ఉంటుంది. గేటు వోల్టేజీ బాగా పెరిగినప్పుడు డ్రెయిన్ వైపు నుంచి ఛానెల్‌లోకి ఎలక్ట్రాన్లు చేరి గేటు ప్రభావాన్ని అడ్డుకుంటాయి. అప్పుడు ఉపరితల శక్మం డ్రెయిన్ వోల్టేజీకి కట్టుబడి నిలిచిపోతుంది. చలన ఆవేశాన్ని విస్మరించిన నమూనా ఈ ప్రాంతంలో ప్రవాహాన్ని ఎక్కువగా చూపుతుంది. నమూనా ఏ పరిధిలో చెల్లుతుందో చెప్పకుండా మొత్తం గీతను ప్రచురించడం పాఠకుణ్ణి తప్పుదోవ పట్టించడమే అవుతుంది.

6. ఘాతాంకంలో దాగే దోషం:

కేన్ సమీకరణంలోని ఘాతాంక స్థిరాంకం సిలికాన్‌కు సెంటీమీటరుకు రెండు కోట్ల వోల్టుల స్థాయిలో ఉంటుంది. సంధి వద్ద క్షేత్రం సెంటీమీటరుకు పది లక్షల వోల్టులు అనుకుంటే ఘాతాంకం దాదాపు 20. ఇప్పుడు శక్మ నమూనాలోని ఉజ్జాయింపు వల్ల క్షేత్రం పది శాతం ఎక్కువగా వచ్చిందనుకుందాం. ఘాతాంకం 18.2కు తగ్గి ప్రవాహం ఆరు రెట్లకు పైగా పెరుగుతుంది. క్షేత్రం పది శాతం తక్కువగా వస్తే ఘాతాంకం 22.2 అయి ప్రవాహం తొమ్మిదో వంతుకు పడిపోతుంది. మాస్‌ఫెట్ నమూనాలో పది శాతం దోషాన్ని ఉపేక్షించవచ్చు. ఇక్కడ అదే దోషం ఫలితాన్ని తలకిందులు చేస్తుంది.

ఈ దోషం కంటికి కనబడకపోవడానికి కారణం మనం గీసే గ్రాఫు. టన్నెల్ ట్రాన్సిస్టర్ ప్రవాహాన్ని సంవర్గమాన అక్షంపై పది, పన్నెండు దశకాల పరిధిలో చూపుతారు. ఆరు రెట్ల తేడా అక్కడ ఒక దశకం కంటే తక్కువ. నమూనా గీత, సిమ్యులేషన్ గుర్తులు ఒకదానిపై ఒకటి పడ్డట్టే కనిపిస్తాయి. 'నమూనా సిమ్యులేషన్‌తో చక్కగా సరిపోలింది' అనే వాక్యం అలా పుడుతుంది. అదే సమాచారాన్ని సరళ అక్షంపై గీసినా, రెండింటి నిష్పత్తిని వేరే పటంలో చూపినా నిజం బయటపడుతుంది. ఈ రంగంలో వచ్చే సిద్ధాంత గ్రంథాలను పరీక్షించే ఆచార్యులు ఆ ఒక్క పటం అడిగితే చాలు, నమూనా నాణ్యత తేలిపోతుంది.

7. సిమ్యులేషన్: సాధనమా, సాక్ష్యమా?

గ్రంథంలో చివరి రెండు అధ్యాయాలు అట్లాస్ సాఫ్ట్‌వేర్‌కు సంబంధించినవి. కొత్తగా ఈ రంగంలో అడుగుపెట్టేవారికి ఇవి ఎంతో ఉపకరిస్తాయి. గురువు పక్కన లేకుండా నేర్చుకొనే వారికి ఇటువంటి మార్గదర్శనం వేరే చోట సులభంగా దొరకదు. అయినా గ్రంథంపై ప్రధానమైన అభ్యంతరం ఇక్కడే ఉంది. ఎనిమిది అధ్యాయాల పట్టికలో ప్రయోగ ఫలితాలకు గాని, లోపస్థితులకు గాని, సర్క్యూట్ స్థాయి పనితీరుకు గాని ప్రత్యేక అధ్యాయం లేదు. విశ్లేషణాత్మక నమూనాను సిమ్యులేషన్‌తో సరిచూడటం, అక్కడితో పయనం ముగియడం అనే క్రమం విద్యార్థి మనసులో స్థిరపడుతుంది. గుంటూరు మిర్చి యార్డుకు సరుకు తెచ్చే రైతు దిగుబడిపై ఎంత నేర్పుగా అంచనా వేసినా చివరికి కాటా ఎక్కించాల్సిందే. ఇక్కడ ఒక అంచనాను మరో అంచనాతో తూచుతున్నాము.

సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో టన్నెలింగ్‌కు ఒకటి కంటే ఎక్కువ నమూనాలు ఉంటాయి. స్థానిక నమూనా ప్రతి బిందువు వద్ద ఉన్న క్షేత్రాన్ని మాత్రమే తీసుకుంటుంది. బయటి వోల్టేజీ ఏమీ లేకపోయినా సంధిలో సహజ క్షేత్రం ఉంటుంది కనుక ఈ నమూనా సమతాస్థితిలో కూడా వాహకాలను పుట్టిస్తుంది. ఇది భౌతికశాస్త్రానికి విరుద్ధం. స్థానికేతర నమూనా ఎలక్ట్రాన్ బయలుదేరే చోటును, చేరే చోటును వేరుగా గుర్తించి, రెండు చోట్లా స్థితులు నిండి ఉన్నాయో ఖాళీగా ఉన్నాయో చూస్తుంది. టన్నెల్ ట్రాన్సిస్టర్‌కు ఇదే తగినది. దీనికి సంధి వద్ద సన్నని మెష్ కావాలి. మెష్ మార్చితే ఫలితం మారుతుందేమో పరీక్షించాలి.

సాఫ్ట్‌వేర్‌లో ముందే ఉన్న స్థిరాంకాలను అలాగే వాడటం మరో చిక్కు. వాటిని ప్రయోగ ఫలితాలతో క్రమాంకనం చేయాలి. మరొకరు ప్రచురించిన సిమ్యులేషన్ గీతతో తన గీతను సరిపోల్చడం క్రమాంకనం కాదు. ఇద్దరూ ఒకే స్థిరాంకాలు వాడారని మాత్రమే దానివల్ల రుజువవుతుంది. పైగా తయారైన పరికరాలలో అర్ధవాహకానికి, ఆక్సైడ్‌కు మధ్య లోపస్థితులు ఉంటాయి. వాటి సహాయంతో జరిగే టన్నెలింగ్ అసలు టన్నెలింగ్ కంటే ముందుగా మొదలై, నిటారుగా లేవవలసిన గీతను వాలుగా మారుస్తుంది. అసలు టన్నెలింగ్ ఉష్ణోగ్రతపై స్వల్పంగా, లోపస్థితుల ద్వారా జరిగేది గట్టిగా ఆధారపడతాయి. వేర్వేరు ఉష్ణోగ్రతల వద్ద కొలతలు తీసుకుంటే రెండింటినీ విడదీయవచ్చు.

2013 నాటి డోపింగ్ లేని ట్రాన్సిస్టర్ పత్రం ఈ చర్చకు చక్కని ఉదాహరణ. నెదర్లాండ్స్‌లోని ట్వెంటె విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో తయారుచేసి చూపిన ఛార్జ్ ప్లాస్మా డయోడు వెనుక ఉన్న భావనను కుమార్, జనార్దనన్ టన్నెల్ ట్రాన్సిస్టర్‌కు అన్వయించారు. అయానులను చొప్పించకుండా, తగిన వర్క్ ఫంక్షన్ గల లోహాలను పల్చని సిలికాన్‌పై అమర్చి, ఒకవైపు ఎలక్ట్రాన్లను, మరోవైపు హోల్స్‌ను ప్రోగుచేస్తే డోపింగ్ వల్ల కలిగే యాదృచ్ఛిక హెచ్చుతగ్గులు తప్పుతాయి. భావన అందమైనది, తర్కం పటిష్ఠమైనది. కాని లోహం ప్రభావం వర్క్ ఫంక్షన్ పట్టిక విలువను బట్టి మాత్రమే ఉండదు. అంతఃతలం స్థితిని బట్టి మారుతుంది. ఆ పత్రం సిమ్యులేషన్ ద్వారా ఒక సాధ్యతను చూపింది. ఆ బాటలో వచ్చిన పత్రాలలో పెక్కు ఆ సాధ్యతను సిద్ధవస్తువుగా భావించి, దానిపై మరో గేటును, మరో పదార్థాన్ని చేర్చుతూ పోయాయి. ఇందులో మూల రచయితల దోషం లేదు. పద్ధతిని తీసుకొని ప్రశ్నను వదిలేసిన అనుచరులదే దోషం.

8. పనితీరు: ప్రయోగాలు చెప్పే మాట

ప్రయోగశాలల చరిత్ర చూస్తే ఆశ, జాగ్రత్త రెండూ కలుగుతాయి. 1978లో క్విన్, కవమొటో, మెకాంబ్ ఇటువంటి నిర్మాణాన్ని మొదట ప్రతిపాదించారు. 2004లో అపెన్‌జెల్లర్ బృందం కార్బన్ నానోట్యూబ్ పరికరంలో 40 మిల్లీవోల్టుల స్వింగ్ చూపింది. 2007లో చోయ్ బృందం సిలికాన్ పరికరంలో 52.8 మిల్లీవోల్టులు సాధించింది. 2015లో కౌస్తవ్ బెనర్జీ బృందం పరమాణు మందం గల ఛానెల్‌తో నాలుగు దశకాల పరిధిలో సగటున 31.1 మిల్లీవోల్టులు నమోదుచేసింది. 2016లో స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయ బృందం నానోవైరు పరికరంలో 48 మిల్లీవోల్టుల స్వింగ్‌తో పాటు, 0.3 వోల్టుల సరఫరా వద్ద మైక్రోమీటరు వెడల్పుకు 10 మైక్రోఆంపియర్ల ప్రవాహాన్ని చూపింది. అయినా వాణిజ్య లాజిక్ చిప్‌లలో మాస్‌ఫెట్ స్థానాన్ని టన్నెల్ ట్రాన్సిస్టర్ ఇప్పటికీ ఆక్రమించలేదు.

కారణం స్వింగ్ అనే ఒక్క సంఖ్యలో లేదు. మాస్‌ఫెట్‌లో స్వింగ్ ఇంచుమించు స్థిరం. టన్నెల్ ట్రాన్సిస్టర్‌లో అది గేటు వోల్టేజీతో పాటు పెరుగుతుంది. అతి తక్కువ ప్రవాహం వద్ద ఒక్క బిందువులో 20 మిల్లీవోల్టులు వచ్చినా, ఉపయోగపడే ప్రవాహం దగ్గరికి వచ్చేసరికి 100 దాటవచ్చు. అందుకే స్వింగ్ ఎంత ప్రవాహం వరకు 60 కంటే తక్కువగా నిలిచింది అన్న కొలమానాన్ని వాండెన్‌బర్గ్ బృందం 2013లో సూచించింది. దీనికి తోడు గేటు-డ్రెయిన్ ధారకత్వం ఎక్కువగా ఉండటం వల్ల సర్క్యూట్‌లో మిల్లర్ ప్రభావం పెరిగి వేగం తగ్గుతుంది. సిలికాన్‌లో నిషిద్ధ అంతరం పరోక్షం కనుక ఫోనాన్ సహాయం కావాలి, ప్రవాహం తక్కువ. అంతరం తక్కువగా గల పదార్థం వాడితే ప్రవాహంతో పాటు లీకేజీ కూడా పెరుగుతుంది. వ్యతిరేక గేటు వోల్టేజీ వద్ద డ్రెయిన్ వైపు జరిగే ద్విధ్రువ వాహనం మరో సమస్య.

ఇన్ని అవరోధాలున్నా ఈ పరికరంపై ఆసక్తి తగ్గకపోవడానికి కారణం స్పష్టం. సరఫరా వోల్టేజీని సగం చేస్తే ఒక్కో మీట కదలికకు పట్టే శక్తి నాలుగో వంతవుతుంది. పత్తి చేలో నేల తేమను గంటకోసారి కొలిచి మిగతా కాలమంతా నిద్రించే సెన్సరుకు వేగంతో పనిలేదు. నిద్రలో కారిపోయే ప్రవాహమే దాని బ్యాటరీ ఆయుష్షును నిర్ణయిస్తుంది. అటువంటి చోట టన్నెల్ ట్రాన్సిస్టర్‌కు అవకాశం ఉంది. పనితీరును ఏ ప్రయోజనానికి కొలుస్తున్నామో ముందుగా చెప్పుకోకపోతే ఏ సంఖ్యకూ అర్థం ఉండదు.

9. నల్లపాడు నుంచి చదివితే:

ప్రయోగశాల లేనివారు ఈ రంగంలో పరిశోధన చేయకూడదన్న వాదన కొందరిలో ఉంది. అది అంగీకరించదగినది కాదు. కేన్ సిద్ధాంతం కాగితంపైనే పుట్టింది. నమూనా రచన తక్కువ స్థాయి పని అనుకోవడం శాస్త్ర చరిత్రకు విరుద్ధం. ఈ గ్రంథం వంటివి పెద్ద సంస్థల గోడల లోపల ఉండే పరిజ్ఞానాన్ని చిన్న పట్టణాలకు చేర్చుతున్నాయి. ఆ మేలును గుర్తిస్తూనే, దాన్ని వాడుకొనేవారు తమకు తాము కొన్ని నియమాలు విధించుకోవాలి.

ఏ టన్నెలింగ్ నమూనా వాడారో, ఏ స్థిరాంకాలు ఎక్కడి నుంచి తీసుకున్నారో, మెష్ పరీక్ష ఫలితమేమిటో ప్రతి పత్రంలో చెప్పాలి. క్రమాంకనం ప్రచురితమైన ప్రయోగ సమాచారంతోనే జరగాలి. స్థిరాంకాలను పది శాతం అటూ ఇటూ మార్చినప్పుడు తీర్మానం నిలుస్తుందో లేదో చూపాలి. ఒక్క బిందువు స్వింగ్‌కు బదులు సగటు స్వింగ్‌ను, అది 60 దాటే ప్రవాహాన్ని ఇవ్వాలి. లోపస్థితులను చేర్చి, కనీసం మూడు ఉష్ణోగ్రతల వద్ద ఫలితాలు చూపాలి. ఇవన్నీ కంప్యూటరు ముందు కూర్చొని చేయగలిగినవే, వీటికి పరిశుభ్ర గది అవసరం లేదు. ఇక తయారీలో అనుభవం కావాలనుకొనే వారికి బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, ముంబై ఐఐటీ వంటి చోట్ల ఇతర కళాశాలల పరిశోధకులకు కూడా అవకాశమిచ్చే భారతీయ నానో ఎలక్ట్రానిక్స్ వినియోగదారుల కార్యక్రమం ఉంది.

పత్రాల సంఖ్య కోసం జరిగే పరుగు ఈ నియమాలకు ప్రధాన శత్రువు. సిద్ధాంత గ్రంథం సమర్పించడానికి ముందు పత్రిక ప్రచురణ తప్పనిసరి అన్న నిబంధనను విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022 నాటి పీహెచ్‌డీ నిబంధనల్లో తొలగించింది. ఆనాటి అధ్యక్షులు ఈ గ్రంథకర్తే కావడం గమనార్హం. ఆ సడలింపును పని తగ్గించుకొనే అవకాశంగా తీసుకోవచ్చు. ఒక గేటు మార్చి ఒక పత్రం, ఒక పదార్థం మార్చి మరో పత్రం రాయడానికి బదులు, ఒక్క నమూనాను అన్నివైపులా పరీక్షించి 'ఇది ఇక్కడివరకే చెల్లుతుంది' అని తేల్చే తీరిక దొరికినట్టు కూడా తీసుకోవచ్చు. ఈ రెండవ మార్గంలో వెళ్లిన సిద్ధాంత గ్రంథం పదేళ్ల తరువాత కూడా ఇతరులకు పనికొస్తుంది.

10. ముగింపు:

'టన్నెల్ ఫీల్డ్ ఎఫెక్ట్ ట్రాన్సిస్టర్స్: మోడలింగ్ అండ్ సిమ్యులేషన్' బోధనాక్రమంలో పటిష్ఠమైన గ్రంథం. భౌతికశాస్త్రం నుంచి సాధనానికి నడిపించిన తీరు, శక్మాన్నీ ప్రవాహాన్నీ విడదీసి చెప్పిన పద్ధతి, సమస్యను పరిష్కారం కంటే ముందు నిలిపిన నాలుగవ అధ్యాయం దానికి శాశ్వత విలువను ఇచ్చాయి. ప్రయోగ ఫలితాలతో పోల్చి చూసే అధ్యాయం, నమూనా దోషం ప్రవాహంలో ఎంతగా పెరుగుతుందో చూపే అధ్యాయం చేరితే అది మరింత సమగ్రమవుతుంది.

అంతవరకు ఆ రెండు అధ్యాయాలనూ తరగతి గదిలో అధ్యాపకులే చెప్పుకోవాలి. ఐదవ అధ్యాయం ముగిసినరోజు విద్యార్థుల చేత క్షేత్రాన్ని పది శాతం మార్చి ప్రవాహం ఎంత మారుతుందో లెక్క కట్టించాలి. ఎనిమిదవ అధ్యాయం ముగిసినరోజు పైన పేర్కొన్న ప్రయోగ పత్రాలలో ఒకదాన్ని ఎదుట పెట్టి, తమ సిమ్యులేషన్ దానికి ఎంత దూరంలో ఉందో రాయించాలి. పాలిటెక్నిక్ విద్యార్థికి మొదటి లెక్క తెలుగులో చెప్పినా అర్థమవుతుంది. దానికి కాలిక్యులేటర్ తప్ప మరే పరికరమూ అక్కరలేదు.